సమాధుల పండుగకు సిద్ధమవడం ఎలా: పేర్ల పట్టీ నుంచి కొవ్వొత్తి దాకా

నవంబర్ 1 సకల పునీతుల (సెయింట్ల) పండుగ. మర్నాడు, 2వ తేదీ, చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించే సమాధుల పండుగ. గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెల నుంచి హైదరాబాద్ నారాయణగూడ సమాధుల తోట దాకా ఆ సాయంత్రం ఎక్కడ చూసినా జనమే. అయితే చాలా ఇళ్లలో పండుగ పని ముందురోజు సాయంత్రం గానీ మొదలవదు. అప్పటికప్పుడు బంతిపూలు, కొవ్వొత్తుల ప్యాకెట్లు కొంటారు, సున్నం వేసే మనిషి కోసం ఫోన్లు చేస్తారు, హడావిడిగా వెలిగించి ఇంటికి వచ్చేస్తారు. పూలు మర్నాటికి వాడిపోతాయి. సమాధి మీద అక్షరాలేమో ఏటా కొంచెం కొంచెం చెరిగిపోతుంటాయి. తాత పేరు చదవడానికి రాని రోజున ఎన్ని పూలు పరిచినా అది ఎవరి సమాధో మనవళ్లకు తెలియదు. ఈ పండుగలో మొదటి పని పేర్లు కాపాడుకోవడమేనని నా గట్టి నమ్మకం. అందుకే ఇందులో పూల కంటే పేర్లకే ఎక్కువ చోటిచ్చాను.

ఇందులో ఎక్కువగా కతోలిక పద్ధతే చెప్పాను. ప్రొటెస్టంట్ కుటుంబాలకు తేడా ఎక్కడ వస్తుందో అక్కడక్కడా చెబుతాను. సమాధి బాగుచేసుకునే పని మాత్రం అందరికీ ఒక్కటే.

పండుగ వెనక సంగతి, క్లుప్తంగా

ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠానికి అధిపతిగా ఉన్న పునీత ఒడిలో, 998 ప్రాంతంలో, తన మఠాలన్నిటిలోనూ నవంబర్ 2న చనిపోయినవారి కోసం ప్రార్థించాలని నియమం పెట్టారు. అది మెల్లగా తిరుసభ (కతోలిక సంఘం) అంతటికీ పాకింది. నవంబర్ 1 అంతకంటే పాతది. 8వ శతాబ్దంలో 3వ గ్రెగరీ పోపు రోమ్‌లోని పునీత పేతురు దేవాలయంలో పునీతులందరి పేర ఒక ప్రార్థనాలయం కట్టించారు. 835 నాటికి 4వ గ్రెగరీ పోపు కాలంలో ఆ పండుగ పశ్చిమ యూరప్‌లో విస్తరించింది.

మృతుల కోసం ప్రార్థించడానికి బైబిలులో ఆధారమేమిటని పిల్లలు అడిగితే, మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం తీసి చూపించండి. యుద్ధంలో పడిపోయిన తన సైనికుల పాపాలకు బలి అర్పించమని యూదా మక్కబీయుడు చందా పోగుచేసి యెరూషలేముకు పంపిన ఘట్టం అక్కడ ఉంది. ప్రొటెస్టంట్ల బైబిలులో ఈ గ్రంథం ఉండదు. వాళ్లలో ఎక్కువమంది మృతుల కోసం ప్రార్థన చేయరు, మృతుల బతుకును తలచుకుని దేవునికి కృతజ్ఞత చెబుతారు. ఒకే ఇంట్లో రెండు సంఘాలవాళ్లుంటే ఈ తేడా ముందే తెలిసి ఉండటం మంచిది. సమాధి దగ్గర నిలబడి వాదించుకునే పని తప్పుతుంది.

మొదటి పని: పేర్ల పట్టీ

దీన్ని అక్టోబర్ మొదటి రెండు వారాల్లోనే మొదలుపెట్టండి. ఒక నోట్‌బుక్ కొనండి. ఫోన్‌లో రాసుకోవచ్చు గానీ, ఫోన్లు మారిపోతుంటాయి, నోట్‌బుక్ బీరువాలో ఉండిపోతుంది. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. అమ్మమ్మో, పెదనాన్నో, మేనత్తో, ఎవరుంటే వాళ్లు. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ కేటాయించి పేరు, ఇంటిపేరు, జ్ఞానస్నానం పేరు, ఊళ్లో పిలిచిన పేరు, తల్లిదండ్రుల పేర్లు, చనిపోయిన తేదీ, సమాధి ఎక్కడుందో రాయండి. అడుగున ఆ మనిషి గురించి ఒక్క సంగతైనా రాయండి. ఏ పని చేసేవారు, ఏ పాట పాడేవారు, ఏ కూర ఇష్టం. చనిపోయిన తేదీ గుర్తులేదంటే, ఆ ఏడు ఏం జరిగిందో అడగండి. మన కోస్తాలో 1977 దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా అని అడిగితే చాలామంది పెద్దలకు లెక్క దొరుకుతుంది.

పసిపిల్లలుగా పోయినవాళ్ల పేర్లూ అడగండి. చాలా కుటుంబాల్లో వాళ్ల ఊసే ఎత్తరు. అమ్మమ్మ మాత్రం ఆ పేరు మర్చిపోదు. మెల్లగా అడగండి, చెప్పాలనిపించకపోతే వదిలేయండి.

ఇంట్లో తెలియనివాటికి విచారణ (పారిష్) దేవాలయంలో, అంటే మీ ప్రాంతపు చర్చిలో, మరణాల రిజిస్టర్ ఉంటుంది. విచారణ గురువులను (ఫాదర్‌గారిని) గానీ, అక్కడ మతబోధ చేసే ఉపదేశిని గానీ ముందు అడిగి, వాళ్లకు తీరిక ఉన్న రోజున వెళ్లండి. విదేశీ గురువులు రాసిన పాత పుస్తకాల్లో పేర్లు మనం పిలిచినట్టు ఉండకపోవచ్చు. మీరు శౌరయ్య కోసం వెతుకుతుంటే అక్కడ ఫ్రాన్సిస్ జేవియర్ అని ఉండవచ్చు. రాయప్ప పీటర్‌గా, చిన్నప్ప పాల్‌గా, ఇన్నాసయ్య ఇగ్నేషియస్‌గా, జోజప్ప జోసెఫ్‌గా కనిపించవచ్చు. ఇది తెలియక మా తాత పేరు రిజిస్టర్‌లో లేదు అనుకుని వెనక్కి వచ్చేసేవాళ్లుంటారు. పేరుతో దొరక్కపోతే తండ్రి పేరు, ఊరు, తేదీ కలిపి చూడండి.

రెండో పని: సమాధిని కనిపెట్టడం

పెద్ద సమాధుల తోటల్లో ఇది నిజంగా కష్టం. ఒక్క ఏడాది వెళ్లకపోతే గడ్డి, తుమ్మ మొక్కలు దారి మూసేస్తాయి. పొద్దున వెళ్లండి, బూట్లు వేసుకోండి, చేతిలో పొడవాటి కర్ర పట్టుకోండి. వానాకాలం వెళ్లీ వెళ్లని రోజులవి, గడ్డిలో పాములుంటాయి. పిల్లల్ని ఈ రోజు తీసుకెళ్లకండి.

పాత రాళ్ల మీద అక్షరాలు చదవడానికి రాకపోతే గీకకండి. తీగ బ్రష్ అసలే వాడొద్దు, మిగిలిన కాస్త అక్షరం కూడా పోతుంది. మెత్తని బ్రష్‌తో మట్టి దులిపి, చీకటిపడే వేళ ఫోన్ టార్చిని రాతికి పక్కనుంచి, దాదాపు ఆనించి పట్టుకోండి. అక్షరాల గుంటల్లో నీడ పడి పగలు కనిపించనివి కూడా కనిపిస్తాయి. వెంటనే ఫోటో తీసుకోండి.

సమాధి దొరికాక చేయాల్సింది ఇంకోటి ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటు సేవ్ చేసుకోండి. దాంతో పాటు గేటు నుంచి ఎలా రావాలో నోట్‌బుక్‌లో మాటల్లో రాయండి. పెద్ద సిలువకు ఎడమవైపు, వేపచెట్టు దాటాక మూడో వరస, కుడి ఎడమల సమాధులు ఎవరివి, ఇలా. చెట్టు కూలినా పక్క సమాధి పేరు ఆనవాలుగా మిగులుతుంది. మట్టి కుప్ప తప్ప ఏమీ లేని సమాధికి కనీసం పేరు చెక్కిన చిన్న రాయి పాతించండి. పెద్ద కట్టడం కట్టించే స్తోమత లేకపోయినా ఆ ఒక్క రాయి చాలు.

కొత్తగా ఏం కట్టాలన్నా ముందు సమాధుల తోట కమిటీని గానీ విచారణ గురువులను గానీ అడగండి. పట్నాల్లో చోటు కరువై పాత సమాధుల్లోనే మళ్లీ పూడ్చే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. మీ కుటుంబ సమాధికి అక్కడి నియమాలేమిటో కాగితం మీద తెలుసుకోండి, డబ్బు కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకుని ఆ నోట్‌బుక్‌లోనే పెట్టండి.

మూడో పని: శుభ్రం, సున్నం, అక్షరాలు

దీనికి సరైన సమయం పండుగకు వారం పది రోజుల ముందు. కానీ మనకు అక్టోబర్ చివర తుపాన్ల కాలం. 2025లో మొంథా తుపాను అక్టోబర్ 28న కోస్తాను తాకింది, పండుగకు ఇంకా ఐదు రోజులే ఉంది. అందుకని వాతావరణం చూసుకుని, రెండు మూడు పొడి రోజులు దొరకగానే పని ముగించేయండి. చివరి రోజు దాకా ఆగితే కూలీ రేట్లు కూడా పెరుగుతాయి.

ముందుగా పగుళ్లు చూడండి. పగుళ్లలో రావి మొలక గానీ మర్రి మొలక గానీ ఉంటే వేరుతో సహా లాగేయండి. పైన తుంచేస్తే మళ్లీ చిగురిస్తుంది, నాలుగైదేళ్లలో సమాధిని రెండుగా చీల్చేస్తుంది. పెద్ద వేరైతే మేస్త్రీని పిలవాల్సిందే. ఆ పగుళ్లను సిమెంటుతో పూడ్చి ఆరనివ్వాలి.

ఇటుక, ప్లాస్టరింగ్ సమాధులకు సున్నం మంచిది, చవక కూడా. సున్నాన్ని ముందురోజే నీళ్లలో నానబెట్టండి. పచ్చి సున్నం మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది, కళ్లలో పడితే చూపుకే ప్రమాదం. ప్లాస్టిక్ బకెట్ వద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, కళ్లద్దాలు పెట్టుకుని పని చేయండి. చల్లారాక పల్చగా కలిపి వడగట్టి, కొంచెం జిగురు, చిటికెడు నీలిమందు కలపండి. గోడను నీళ్లతో తడిపి, పాత పాచి గోకేసి, పల్చగా రెండు మూడు పూతలు వేయండి. ఒక్కటే చిక్కని పూత వేస్తే ఎండాక పొట్టులా రాలిపోతుంది. పూతకు పూతకు మధ్య ఆరనివ్వండి.

గ్రానైట్, పాలరాయి, టైల్స్ మీద సున్నం పూయొద్దు. వాటికి మామూలు నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తని గుడ్డ చాలు. బాత్‌రూమ్ యాసిడ్ పోసి కడిగేవాళ్లను చూస్తుంటాం. పాలరాయిని యాసిడ్ తినేస్తుంది, మెరుపు పోయి గరుకుగా మారుతుంది, ఇక ఎప్పటికీ బాగుపడదు.

అక్షరాలను మాత్రం మీరే కూర్చుని దిద్దండి, ఇంట్లో ఒక్కరైనా. చెక్కిన అక్షరాలైతే పాత టూత్‌బ్రష్‌తో గుంటలు కడిగి, ఆరాక సన్నని కుంచెతో నల్ల లేదా బంగారు ఎనామెల్ పెయింట్ నింపండి. గ్రానైట్ మీద పక్కకు పోయిన రంగును సగం ఆరాక థిన్నర్ అద్దిన గుడ్డతో తుడిస్తే అంచులు శుభ్రంగా వస్తాయి. సున్నం మీద రాసిన పేర్లైతే సున్నం వేయకముందే ఫోటో తీసి పెట్టుకోండి. పైన పూత పడితే పాత అక్షరాలు కప్పేస్తుంది, సున్నం వేసే మనిషికి ఆ పేరు తెలియదు కదా. స్పెల్లింగు, తేదీలు నోట్‌బుక్‌తో సరిచూసి మరీ రాయండి. పిల్లలకు ఓపికుంటే ఒక్కో అక్షరం వాళ్లచేత దిద్దించండి. తాను దిద్దిన పేరు పిల్లవాడు మర్చిపోడు.

నాలుగో పని: పూజకు పేర్లివ్వడం

అక్టోబర్ చివరి ఆదివారానికల్లా చాలా విచారణల్లో, సమాధుల పండుగ పూజలో (మాస్‌లో) తలచుకోవాల్సిన మృతుల పేర్లు తీసుకోవడం మొదలవుతుంది. మీ పట్టీ నుంచి స్పష్టంగా, పెద్ద అక్షరాల్లో రాసి ఇవ్వండి. అందరి పేర్లూ రాయండి, నిరుడు పోయినవాళ్లవి మాత్రమే కాదు.

1915లో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 15వ బెనెడిక్ట్ పోపు నవంబర్ 2న ప్రతి గురువూ మూడు పూజలు చేయవచ్చని అనుమతిచ్చారు. ఒకటి ఎవరైనా కోరుకున్నవారి కోసం, ఒకటి మృతులైన విశ్వాసులందరి కోసం, ఒకటి పోపుగారి ఉద్దేశాల కోసం. మనవాళ్ల పేరు ప్రత్యేకంగా చదవలేదని బాధపడేవాళ్లకు ఈ రెండో పూజ గురించి చెప్పండి. అందులో అందరూ ఉన్నారు, పేరు తెలియని ముత్తాతలు కూడా. మీ నాన్నగారి కోసమే పూజ చెప్పించాలనుకుంటే ఆయన వర్ధంతికి దగ్గరలో ఒక మామూలు రోజు అడగండి. గురువులకూ వెసులుబాటుగా ఉంటుంది.

నవంబర్ 1: పునీతుల రోజు

చాలామంది ఈ రోజును 2వ తేదీ ఏర్పాట్లతో గడిపేస్తారు. పూజకు వెళ్లిరండి. సాయంత్రం ఒక్క అరగంట నోట్‌బుక్ తీసి పిల్లలతో కూర్చోండి. మన పెద్దల పేర్లలో ఎక్కువ పునీతులవే. శౌరయ్య తాత పేరు వచ్చిన పునీత ఫ్రాన్సిస్ శౌరివారి పండుగ డిసెంబర్ 3. రాయప్ప, చిన్నప్పల పండుగ జూన్ 29. ఇన్నాసివారిది జూలై 31, అంతోనివారిది జూన్ 13, జోజప్పది మార్చి 19. ఏ తాత ఏ పునీతుడి పేరు మోశాడో ఆ పేజీలో రాయించండి. ఆ తర్వాత పునీతుల ప్రార్థన చెప్పుకుంటే అందులో ప్రతి పేరూ పిల్లలకు తెలిసిన పేరే అవుతుంది.

మన మట్టిలోనే నిద్రిస్తున్న భక్తుడి గురించి కూడా చెప్పండి. కృష్ణా జిల్లా పెదావుటపల్లిలో జోసఫ్ తంబి సమాధి ఉంది. ఆయన 1945 జనవరిలో చనిపోయారు. తిరుసభ ఆయన్ని దైవసేవకుడిగా గుర్తించింది. పునీత పట్టానికి ఇంకా దారి ఉంది, అయినా జనం ఆ సమాధి దగ్గరికి వెళ్లి ప్రార్థిస్తూనే ఉన్నారు.

నవంబర్ 2: ఆ సాయంత్రం

సంచిలో ఏం పెట్టుకోవాలి? కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, ఒక లైటర్, నీళ్ల సీసా, పాత గుడ్డ, చీపురు, బంతి, చామంతి పూలు, సాంబ్రాణి, జపమాల, నోట్‌బుక్. ఇసుక నింపిన మట్టి ప్రమిదలు కూడా తీసుకెళ్తే మేలు. నవంబర్ గాలికి కొవ్వొత్తి నిలబడాలంటే ఇసుకలో గుచ్చడమే తేలిక, మైనం కూడా రాతి మీద పడదు. పడినా గట్టిపడ్డాక ప్లాస్టిక్ కార్డుతో గీకితే ఊడిపోతుంది, కత్తి పెట్టకండి.

వరసలు ఇరుకుగా ఉంటాయి, జనం ఒకరినొకరు తోసుకుంటారు. చున్నీలు, పట్టుచీరల కొంగులు కొవ్వొత్తులకు అందకుండా బిగించి కట్టుకోండి. పిల్లలకు నూలు బట్టలు వేయండి. ఎండుగడ్డి దగ్గర వెలిగించొద్దు.

గురువులు పూజ అయ్యాక పవిత్ర జలం చల్లుతూ, సాంబ్రాణి వేస్తూ వరసల్లో వస్తారు. మీ సమాధి దగ్గరికి రావడానికి ఆలస్యం కావచ్చు. ఆ సమయాన్ని వాడుకోండి. ముందు పేర్లన్నీ పైకి చదవండి. తర్వాత పరలోక జపం, మంగళవార్త జపం, వీలైతే జపమాల. ఆ తర్వాత నోట్‌బుక్‌లో రాసిన ఆ ఒక్క సంగతి పిల్లలచేత చదివించండి. నాయనమ్మ ఎలా నవ్వేదో ఎవరికైనా గుర్తొస్తే చెప్పనివ్వండి. నవ్వొచ్చినా తప్పులేదు.

ఈ ఏడే మనిషి పోయిన ఇంట్లో పరిస్థితి వేరు. వాళ్లను ఏడవొద్దు అనకండి. అలంకరణ పని చుట్టాలు చూసుకుని, వాళ్లను ఊరికే కూర్చోనివ్వండి. రాలేం అంటే బలవంతం చేయకండి, ఇంట్లోనే ఫోటో దగ్గర ఒక కొవ్వొత్తి వెలిగించుకుంటారు.

హిందూ కుటుంబం నుంచి వచ్చిన కోడలో అల్లుడో ఉంటే, ఇక్కడ ఆడవాళ్లు, పిల్లలు అందరూ వస్తారనీ, ఇంటికొచ్చి తలస్నానం చేయాలన్న నియమం లేదనీ ముందే చెప్పండి. వాళ్ల ఇంట్లో పెత్రమాసకు పెద్దలకు పెట్టుకునే అలవాటు ఉంటుంది, కాబట్టి ఈ రోజు మనసు వాళ్లకు కొత్త కాదు. సమాధి దగ్గర విస్తరి పెట్టే అలవాటు మన కుటుంబాల్లోనూ కొన్నిచోట్ల ఉంది. గురువులు దాన్ని ప్రోత్సహించరు. నా మాట అడిగితే, తాతకు ఇష్టమైన కూర వండి గేటు దగ్గర కూర్చున్న ఆకలిగొన్నవాళ్లకు ఆయన పేరు చెప్పి పెట్టండి. మద్యం మాత్రం ఆ ఆవరణలోకి రానివ్వొద్దు, ఎంత దగ్గరి చుట్టమైనా సరే గట్టిగా చెప్పండి.

కొవ్వొత్తులు రెండు మూడు ఎక్కువ తీసుకెళ్లి, ఎవరూ రాని సమాధుల మీద వెలిగించండి. వాటి మీద పేరు కనిపిస్తే అది కూడా ఒకసారి పైకి చదవండి.

సమాధి దొరకనివాళ్లు, దహనం చేసినవాళ్లు, దూరాన ఉన్నవాళ్లు

పాత సమాధి కలిసిపోయి ఆనవాలు లేకపోతే తోట మధ్యలోని పెద్ద సిలువ దగ్గర వెలిగించండి, అక్కడే పేరు చదవండి. దహనాన్ని తిరుసభ 1963 నుంచి అనుమతిస్తోంది. అయితే అస్థికలను గాల్లోనో నీళ్లలోనో కలపకుండా, పవిత్రమైన చోట భద్రపరచాలని 2016లో రోమ్ మళ్లీ స్పష్టం చేసింది. ఆ చోటే మీకు సమాధి.

దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లకు నా సలహా ఇది: డబ్బు పంపి ఊరుకోకండి. పేర్ల పట్టీలో మీకు తెలిసిన పేజీలు మీరు రాసి పంపండి. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో చేరి, మీ వంతు పేర్లు మీరే చదవండి. మీరున్న ఊళ్లో చర్చికి వెళ్లి అక్కడి పట్టీలో కూడా తెలుగు పేర్లు రాయండి.

ప్రొటెస్టంట్ కుటుంబాల్లో చాలామంది ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్తారు. వాళ్లు పైన చెప్పిన పనులన్నీ మార్చి, ఏప్రిల్ నెలలకు జరుపుకోవచ్చు. అప్పుడు వాన భయం ఉండదు, ఎండ మాత్రం గట్టిగా ఉంటుంది కాబట్టి సున్నం పని పొద్దున్నే ముగించుకోవాలి.

తర్వాతి వారం

3వ తేదీ గానీ 4వ తేదీ గానీ మళ్లీ వెళ్లి ప్లాస్టిక్ కవర్లు, కాలిన మైనం, వాడిన పూలు తీసేయండి. నవంబర్ 1 నుంచి 8 దాకా ఏ రోజైనా సమాధుల తోటకు వెళ్లి మృతుల కోసం ప్రార్థిస్తే, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) స్వీకరించడం, పోపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థన, పాపాన్ని పూర్తిగా విడిచిన మనసు తోడైతే, చనిపోయినవారి ఆత్మలకు వర్తించే సంపూర్ణ ఇండల్జెన్స్ (పాపాలకు మిగిలిన శిక్ష నుంచి పూర్తి విముక్తి) దొరుకుతుందని తిరుసభ చెబుతుంది. 2వ తేదీన డ్యూటీ పడినవాళ్లకు ఈ ఎనిమిది రోజులు పెద్ద వెసులుబాటు. రద్దీ లేని రోజున వెళ్తే ప్రశాంతంగా ప్రార్థించుకోవచ్చు కూడా.

ఆ వెళ్లినప్పుడే సమాధి చుట్టూ ఒకసారి తిరిగి, ఏ మూల కుంగింది, ఏ అక్షరం నిలవలేదు, ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయి అన్నది నోట్‌బుక్ చివరి పేజీలో రాసి ఫోటోలు తీసుకోండి. పెద్ద మరమ్మతులుంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో మేస్త్రీకి అప్పజెప్పండి. వానలుండవు, పనివాళ్లు దొరుకుతారు, సిమెంటును వారం పాటు తడిపే ఓపిక మీకూ ఉంటుంది.